బాస్కోకు తోడు

డాల్గెటీ, మొనారో
మే

ఊనా వదినకు,

క్షేమం. ఇక్కడ చలికాలం మొదలైంది, తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటోంది. కట్టెలు తెచ్చి పెట్టుకున్నాను.

ఒక విషయంలో మీ సలహా కావాలి. గుర్రం విషయం.

పక్క పొలం బెరిల్ ట్రెవేనా మీకు గుర్తుండే ఉంటుంది. మీ చెల్లి ఐల్సా అంత్యక్రియల రోజు అందరికీ టీ పోసిన పొడుగాటి ఆవిడ. ఆవిడకు రెండు గుర్రాలు ఉండేవి. డాట్ ఆడది, బాస్కో మగవాడు. ఎప్పుడు చూసినా ఒకదాని పక్కన ఒకటి మేస్తూ కనిపించేవి. గత నెలలో డాట్ కడుపునొప్పితో చచ్చిపోయింది. ఆ తర్వాత బాస్కో దొడ్డిలో ఒక మూల నిలబడిపోయాడు. నీళ్ల తొట్టి దాకా కూడా పోలేదు. ఒకరోజు కంచెకు గుద్దుకుని రొమ్ము చీరుకున్నాడు. "బెంగ పెట్టుకున్నాడు" అంది బెరిల్. పబ్‌లోనూ అదే అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

బెంగ కాదు. పశువుల డాక్టర్ వచ్చి చూసింది. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి వెలుగూ నీడా తెలుస్తాయి, త్వరలో అవీ ఉండవు. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు, ఏడెనిమిది నెలలై ఉంటుందని చెప్పింది. ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఉంది. వసంతంలో గుర్రం మొహానికి ఈగలు వాలకుండా జాలీ ముసుగు తొడిగితే చలి ముదిరేదాకా తీసే అలవాటు మా వైపు ఎవరికీ లేదు. ఆ జాలీ వెనక కన్ను తెల్లబడినా కనపడదు. పైగా వాడు డాట్ తుంటికి ముక్కు ఆనించి నడిచేవాడు. ఆమె ఆగితే ఆగేవాడు. చూసేవాళ్లకు వాడికి కళ్లున్నట్టే ఉండేది.

బెరిల్ కౌలు ఆగస్టు ఆఖరుకు అయిపోతుంది. క్వీన్‌బియన్‌లో చిన్న ఫ్లాట్‌కు మారుతోంది. ఎవరూ తీసుకోకపోతే బాస్కోకు నొప్పి లేకుండా ప్రాణం పోయే సూది వేయిస్తుంది. కంచె మీదుగా నన్ను అడిగింది. ఆలోచించుకుంటానన్నాను.

నేను తీసుకోవడం సబబేనా? సబబైతే ఏమేం కావాలి?

డెస్


ఆర్బోస్ట్
మే నెలాఖరు

డెస్,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసి మంచి పని చేశావు. ఫోన్‌లో నాకు వినపడదు, నీకు మాట రాదు. కిందటిసారి ఇద్దరం ఒకరి ఊపిరి ఒకరం విని పెట్టేశాం.

నీ ప్రశ్నకు జవాబు: వద్దు.

వద్దంటే ఊరుకునే రకం కాదు గనక ఎందుకో కూడా చెబుతాను. ఐల్సా నలభై ఏళ్లు నిన్ను గుర్రమెక్కించాలని చూసింది. ఒక్కసారి ఎక్కావు. ఆ ఫొటో నా దగ్గర ఉంది, పన్ను పీకించుకోవడానికి కూర్చున్నవాడి మొహం. ఇప్పుడు డెబ్భై దాటాక గుర్రం కావాలా, అదీ గుడ్డిదా?

గుడ్డి గుర్రం బతకలేదని కాదు. కొన్ని హాయిగా బతుకుతాయి. వాటికి చెవులున్నాయి, ముక్కుంది, మూతి మీద మీసాలున్నాయి. తొట్టి ఎక్కడుందో ఒకసారి పట్టుకుంటే ఇక మరిచిపోవు. అయితే ముళ్లతీగ ఉండకూడదు. మీ మొనారోలో ముళ్లతీగ తప్ప ఏముంది? కుంట ఉంటే చుట్టూ కంచె వేయాలి. ఇవన్నీ నువ్వు చేస్తావు, కొలతలు తీసి మరీ చేస్తావు, నాకు తెలుసు. అసలు చిక్కు అది కాదు. ఒంటరి గుర్రం గుర్రం కాదు. మందలో పుట్టిన జీవం అది. కళ్లున్నదానికే ఒంటరిగా ఉంటే పిచ్చెక్కుతుంది. కళ్లు లేనిదానికి ఇంకో గుర్రమే కళ్లు. నీ దగ్గర ఇంకో గుర్రం ఉందా?

"నేనున్నాగా" అంటావు. నువ్వు గుర్రానివి కావు నాయనా. పొద్దు కూకితే లోపలికెళ్లి తలుపేసుకుంటావు.

సూది వేయించడం పాపం కాదు. నా చేతుల మీద చాలా వాటికి వేయించాను, పగ్గం పట్టుకుని, చెవి నిమురుతూ. అదీ ప్రేమే.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. గుర్రం బెంగ పెట్టుకుందని ఊరంతా అనుకుంది, తీరా చూస్తే వేరే జబ్బు. మరి నీ గురించి ఊరు ఏమనుకుంటోంది?

మా గుర్రాలు బాగున్నాయి. బురదకు కాళ్లు పాడు చేసుకుంటున్నాయి, అంతే. నువ్వు భోజనం చేస్తున్నావా? టోస్టు భోజనం కాదు.

ఊనా


డాల్గెటీ
జూన్

ఊనా వదినకు,

ఉత్తరం అందింది. మీరు చెప్పినవన్నీ సరైనవే.

ఊరు ఏమనుకుంటోందో తెలియదు. నేను అడగలేదు.

ఇంటి వెనక దొడ్డి ఖాళీగానే ఉంది. ముళ్లతీగ మొత్తం విప్పేశాను. చేతులు కొంచెం కోసుకున్నాయి. దాని బదులు నవారు లాంటి వెడల్పాటి టేపు నాలుగు వరసలు కట్టాను. తెల్లది, దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపించే రకం. కుంట చుట్టూ అదే. పని బాగా కుదిరింది.

సాయంత్రాలు బెరిల్ దొడ్డికి వెళుతున్నాను. మొదట్లో కంచె ఇవతలే నిలబడేవాణ్ణి. బెరిల్ చూసి, "ఏం డెస్, డాన్సు హాల్లో గోడకు అతుక్కున్న కుర్రాడిలా నిలబడ్డావ్? లోపలికొచ్చి వాడితో మాట్లాడు" అంది.

"ఏం మాట్లాడాలి?"

"ఏదో ఒకటి. నువ్వెక్కడున్నావో వాడికి తెలియాలి, అంతే. వాడేం నీకు మార్కులు వెయ్యడు."

నది గురించి చెప్పాను. నాకు బాగా తెలిసింది అదొక్కటే. ఉద్యోగమంతా దాని మట్టాలు కొలుస్తూనే గడిచింది కదా. ఎగువన ఆనకట్ట దగ్గర ఎన్ని నీళ్లు ఆపుతారో, ఎన్ని వదులుతారో చెప్పాను. ఇక్కడి నీళ్లే కొన్నాళ్లకు మీ ఆర్బోస్ట్‌కు వస్తాయని కూడా చెప్పాను. ఒక చెవి నా వైపు తిప్పి వింటాడు. ఐల్సా ఇంత ఓపిగ్గా వినలేదు.

దవడ ఎముక కింద వాడికి వెచ్చగా ఉంటుంది. చలికి చెయ్యి అక్కడ పెట్టుకుంటే ఏమీ అనడు.

తోడు సంగతి ఆలోచిస్తున్నాను.

డెస్


ఆర్బోస్ట్
జూన్, వాన రోజు

డెస్,

నీ ఉత్తరం చదివి వంటింట్లో కూలబడి నవ్వాను. గుడ్డి గుర్రానికి తెల్ల టేపు! దూరం నుంచి స్పష్టంగా కనిపించే రకం! మా ఆడ గుర్రం బిడ్డీకి చదివి వినిపిస్తే అది కూడా మొహం తిప్పుకుంది. ఈ దేశంలో ఆనకట్టలు కట్టింది మీలాంటి వాళ్లేనా? నది పక్కన కాపురం ఉన్నదాన్ని, నాకు భయమేస్తోంది.

సరే, టేపు ఉండనీ. తగిలితే కోసుకోదు. కానీ కంచె పొడవునా లోపలి వైపు కంకర పొయ్యి, గుర్రం ఒక అడుగు వేసి ఆగేంత వెడల్పున. గడ్డి పోయి కాలి కింద రాయి తగిలితే ఆగాలని నేర్చుకుంటాడు. తొట్టి చుట్టూ ఇసుక పొయ్యి. తొట్టిని మాత్రం ఒకచోట పెట్టాక మళ్లీ కదపకు.

వద్దనే అంటున్నాను సుమా. వద్దు, కానీ కంకర పొయ్యి.

ఐల్సాకు ఓపిక లేదన్నావు. ఉంది. నీ నీటి మట్టాలన్నీ నాకు ఉత్తరాల్లో వచ్చేవి. "ఈ వారం డెస్ చాలా మాట్లాడాడు, మొత్తం ఆనకట్ట గురించే" అని రాసేది. వినకపోతే అంత వివరంగా ఎలా రాస్తుంది? ఈ నది మట్టం గురించి నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఇంకే ఆడదానికీ తెలియదు.

ఒక పని చెయ్యి. ఆగస్టు దాకా ఆగకు. ఇప్పుడే తెచ్చుకో. నువ్వు లోపలికెళ్లి తలుపేసుకున్నాక వాడేం చేస్తాడో చూడు. నీ ముందు ఎలా ఉన్నాడన్నది లెక్కలోకి రాదు.

ఊనా


డాల్గెటీ
జూలై

ఊనా వదినకు,

బాస్కో వచ్చాడు. బెరిల్ పగ్గం పట్టుకుంది, నేను ముందు మాట్లాడుతూ నడిచాను. కంకర పోయించాను. తొట్టిని ఆ పూటే పట్టుకున్నాడు. కాలికి రాయి తగలగానే ఆగుతున్నాడు. మీరు చెప్పింది అక్షరాలా జరిగింది.

నేను దగ్గరుంటే మేస్తాడు. నేను నడిస్తే కోటుకు ముక్కు ఆనించి వెనకే నడుస్తాడు. కోటు వీపంతా పచ్చగా గడ్డి నురగ. ఉతకలేదు.

లోపలికి వెళ్లాక చూడమన్నారు. వంటింటి కిటికీలోంచి చూశాను. తలుపు పడిన చప్పుడుకు తల ఎత్తుతాడు. తర్వాత కంకర వెంబడి ఇటూ అటూ నడుస్తాడు. ఈ చలిలో మెడ తడిసేదాకా నడుస్తాడు. పిలుస్తాడు. ఆగి వింటాడు. మళ్లీ పిలుస్తాడు.

అందుకని బయటే ఉంటున్నాను. వరండాలోని ఐల్సా కుర్చీ దొడ్డిలో వేసుకున్నాను. ఇన్ని నెలలూ దాన్ని కదపలేదు. భోజనం అక్కడే. మంచు కురిస్తే కాన్వాసు దుప్పటి వాడికొకటి, నాకొకటి.

గొర్రెతో ప్రయత్నించాను. రోడ్డవతల మెక్రే వాళ్ల ముసలి గొర్రె, మెడలో గంట. గంట చప్పుడుకు గుడ్డి గుర్రం వెంట నడుస్తుందని ఎక్కడో చదివాను. గొర్రె నా టేపు కింద నుంచి దూరి, గంట మోగించుకుంటూ తన మంద దగ్గరికి పోయింది. బాస్కో కంకర దాకా దాని వెంట వెళ్లి నిలబడిపోయాడు. గుర్రాలకు నాడాలు కొట్టే కెల్విన్ చూసి, "మేకను తెచ్చుకో డెస్. నీ కోటు తింటుంది, కానీ పారిపోదు" అన్నాడు. మేకను కూడా తెచ్చాను. బాస్కో దాన్ని దగ్గరికి రానివ్వలేదు. కోటు మాత్రం కొంత తినేసింది.

పక్కటెముకలు బయటపడుతున్నాయి. పశువుల డాక్టర్ నిన్న వచ్చింది. "ఇలాగే ఉంటే ఆగస్టు దాకా ఉంచడం న్యాయం కాదు" అంది. నా వైపు కూడా ఒకసారి చూసింది. నాకు కొంచెం దగ్గు, అంతే.

డెస్


ఆర్బోస్ట్
జూలై నెలాఖరు

డెస్,

మంచులో కూర్చుంటే దగ్గు రాక పాట వస్తుందా? ముందు లోపలికి పో. వాడు అరిస్తే అరవనీ, ఒక పూట వెచ్చగా పడుకో.

ఇక నవ్వను. బిడ్డీని తీసుకుపో.

ముసలిదే, కానీ దాని కళ్లు డేగ కళ్లు. నెమ్మదస్తురాలు. కొత్త గుర్రాన్ని ఒకసారి తన్నుతుంది, ఇల్లు ఎవరిదో తెలియడానికి. ఆ తర్వాత ఎవరినైనా పక్కన నిలబడనిస్తుంది. గొర్రెకున్నలాంటి గంట దాని మెడకు కట్టు. అది టేపు కింద దూరదు, నాది హామీ.

నా గురించి ఆలోచించకు. నేను ఎక్కడం మానేసి చాలా కాలమైంది, నడుము సహకరించదు. ఊరికే చూస్తూ కూర్చోవడమేగా. మిగతావి ఉన్నాయి, వాటిని చూస్తాను. కెల్విన్ దగ్గర గుర్రాలను ఎక్కించే ట్రైలర్ బండి ఉంటుంది కదా, అడిగి పంపు.

ఐల్సా ఉంటే ఇదే చెయ్యమనేది అని రాయబోయి ఆగాను. తను ఏమనేదో నాకు తెలియదు. నేనే అంటున్నాను.

వాదించకు.

ఊనా


డాల్గెటీ
ఆగస్టు

ఊనా వదినకు,

మీ ఉత్తరం అందాక మునుపటివి మళ్లీ చదివాను. "మా గుర్రాలు" అంటారు, "మిగతావి" అంటారు. పేరు మాత్రం బిడ్డీదే. చదివి వినిపించింది బిడ్డీకే, మొహం తిప్పుకున్నదీ బిడ్డీయే. ఇదివరకు ఐల్సాకు రాసేటప్పుడు టాంసిన్, క్లెమ్, ఆ ఎర్ర గుర్రప్పిల్ల లేకుండా ఒక్క ఉత్తరం ఉండేది కాదు. ఐల్సా నాకు పైకి చదివేది.

మిగతావి లేవని నా అనుమానం. అదే నిజమైతే బిడ్డీని పంపాక మీకు ఎవరూ ఉండరు. దానికి నేను ఒప్పుకోను.

బాస్కోను మీ దగ్గరికి తెస్తాను.

తొందరపడి రాయడం లేదు. మీ నది ఒడ్డు నేల చదునుగా ఉంటుంది, మంచు పడదు, ముళ్లతీగ లేదు. బిడ్డీని ఈ వయసులో ఈ చలికి తేవడం తప్పు. మీకు గుర్రాలు తెలుసు, నాకు తెలియదు. బెరిల్‌తో మాట్లాడాను.

"నీకు వాడు కావాలి కదా డెస్?" అంది.

"కావాలి."

"మరి?"

"వాడికి గుర్రం కావాలి."

ఆవిడ చేతి తొడుగుతో ముక్కు తుడుచుకుంది. "పాడు చలి" అంది. తర్వాత, "దారిలో ఆగినప్పుడల్లా దిగి వాడితో మాట్లాడు. ఊరికే పేరు చెప్పినా చాలు" అంది.

ట్రైలర్ ఇస్తానన్నాడు కెల్విన్. "నేనూ వస్తా, కొండ మలుపుల్లో నీ డ్రైవింగు గుర్రానికి కనపడకపోవడం దాని అదృష్టం" అన్నాడు. ఒక్కణ్ణే వస్తానని చెప్పాను. బొంబాలా మీదుగా వచ్చి కాన్ రివర్ దగ్గర ఆగి నీళ్లు పెడతాను. వచ్చే వారం.

మీకు వీలుకాకపోతే వెంటనే రాయండి. అప్పుడు సూది వేయిస్తాను. పగ్గం నేనే పట్టుకుంటాను.

డెస్


ఆర్బోస్ట్
ఆగస్టు

డెస్,

కిందటి ఏడాది వరద తర్వాత కొత్త గడ్డి మరీ బలంగా వచ్చింది. నేను చూసుకునే లోపు అది మేసి గుర్రాల గిట్టలకు జబ్బు పట్టింది. టాంసిన్ తనంతట తనే పోయింది. క్లెమ్‌కూ, ఎర్రదానికీ ఒకే పొద్దున నేనే సూది వేయించాను.

అప్పుడు ఐల్సా ఆస్పత్రిలో ఉంది. నువ్వు మంచం పక్కన ఉన్నావు. ఆ గదిలోకి చచ్చిన గుర్రాలను ఎలా పంపను? అందుకని బతికున్నట్టే రాశాను. క్లెమ్ నా అప్రాన్ జేబులోంచి ఆపిల్ కొట్టేశాడని రాసిన రోజుకు వాడు మట్టిలో ఉన్నాడు. తను పోయాక ఆపుదామనుకున్నాను. చేతికి అదే అలవాటైపోయింది. నువ్వు తప్ప చదివేవాళ్లు లేరు, నువ్వు పట్టించుకోవనుకున్నాను.

తీసుకురా. గేటు తీసి ఉంచుతాను. పొద్దున్నే బయల్దేరు, ఎండ ఉండగా చేరితే ఆ ఎడమ కంటికి కాస్తయినా వెలుగు తగులుతుంది. ఒక రాత్రి ఉండి వెళ్లు, పక్క వేసి ఉంచుతాను.

ఊనా


ఆర్బోస్ట్
సెప్టెంబరు

డెస్,

ఉండమంటే ఉండలేదు. మటన్ అంతా నేనే తిన్నాను, రెండు రోజులు.

కారు స్టార్ట్ చేశాక, అద్దం దించి, ఆపిల్ గురించి విని ఐల్సా నవ్విందని చెప్పావు. రెండోసారి చదవమందని కూడా చెప్పావు. అలాంటివి లోపలికొచ్చి కూర్చుని చెప్పాలి. టైర్ల చప్పుడులో సగం వినపడక నీ మూతి చూసి పోల్చుకున్నాను. అయినా మేలు చేశావు.

ఇక వాడి సంగతి. నువ్వు వెళ్లగానే బిడ్డీ ఒక తన్ను తన్నింది, నేను చెప్పినట్టే. వాడు మూలకు పోయి నిలబడ్డాడు. చీకటి పడుతుంటే పిలిచాడు. బిడ్డీ జవాబిచ్చింది. అది గొంతెత్తడం నేను విని ఏడాదైంది డెస్, నా చెవులకు కూడా వినపడింది. వాడు ఆ గొంతు వెంట నడిచి దాని పక్కన నిలబడ్డాడు. మర్నాడు దాని తుంటికి ముక్కు పెట్టుకుని నీళ్లకు వెళ్లాడు. గంట కూడా అక్కర్లేకపోయింది. మేస్తున్నాడు. పక్కటెముకలు పూడుతున్నాయి. డాక్టర్‌కు చూపించాను. ఎడమ కన్ను కూడా పోయిందట. వాడికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

నిన్ను వెతుకుతున్నాడా అని అడగలేదు నువ్వు. అడగవు. అయినా చెబుతాను. వెతకడం లేదు. ఒకసారి గేటు వైపు చెవులు నిక్కించాడు గానీ, అది పాల లారీ. నీకు నిజమే చెప్పాలని రాశాను. అబద్ధపు గుర్రాలు ఇప్పటికే చాలా రాశాను.

ఊనా


డాల్గెటీ
సెప్టెంబరు

ఊనా వదినకు,

ఉత్తరం అందింది. సంతోషం.

బెరిల్ వెళ్లిపోయింది. ఆ ఇంట్లోకి ఇంకా ఎవరూ రాలేదు. నా దొడ్డిలో గడ్డి లేస్తోంది. మెక్రే వాళ్లు గొర్రెలను తోలుకుంటామంటే సరేనన్నాను. దగ్గు తగ్గింది.

మీ గేటు కింది మడతబందు వదులుగా ఉండటం ఆ రోజు చూశాను. వచ్చే నెల వచ్చి బిగిస్తాను. ఈసారి ఉంటాను.

వాడు వెతకడం లేదని రాశారు. అలా ఉండాలనే తెచ్చాను. మీరు రాసింది మంచి వార్త.

కొంచెమైనా వెతుకుతాడనుకున్నాను.

డెస్